జబ్బుపడిన బిడ్డ, తట్టుకునే తల్లిదండ్రులు

ఒత్తిడిని మనిషి ఎదుర్కొనే తీరును రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ప్రచురించిన తమ గ్రంథంలో రెండు రకాలుగా విడదీశారు. సమస్యనే మార్చడానికి చేసే ప్రయత్నం సమస్యా కేంద్రితం. సమస్య వల్ల మనసులో రేగిన బాధను సర్దుకోవడానికి చేసేది ఉద్వేగ కేంద్రితం. పరీక్షలో రాయడానికి ఈ నిర్వచనాలు చాలు. ఇవి ఒక ఇంట్లో ఎలా పనిచేస్తాయో తెలియాలంటే మాత్రం తీవ్రమైన జబ్బుతో చికిత్సలో ఉన్న పిల్లల తల్లిదండ్రులను గమనించాలి.

నెల్లూరు జిల్లా పడమటి మెట్టను తీసుకుందాం. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు కాస్త దగ్గర. బిడ్డకు రక్త కాన్సరో, గుండెలో లోపమో అని తేలితే నెల్లూరుతో పని ముగియకపోవచ్చు, తిరుపతికో చెన్నైకో వెళ్ళాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఆసుపత్రి ఖర్చు చాలా కుటుంబాలకు తగ్గింది. దూరం తగ్గలేదు. ఆ దూరమే ఇంటిని రెండుగా చీలుస్తుంది. తల్లి వార్డులో మంచం పక్కన ఉంటుంది. తండ్రి ఊళ్ళో గొర్రెలనో, కూలి పనినో, మిగిలిన పిల్లలనో చూసుకుంటూ డబ్బు సర్దుతుంటాడు.

ఇప్పుడు పై నిర్వచనాలను ఇక్కడ పెట్టి చూడండి. తండ్రి చేసేది ఎక్కువగా సమస్యా కేంద్రితం: అప్పు, కార్డు, బస్సు, రిపోర్టులు. సూది గుచ్చినప్పుడల్లా బిడ్డ ఏడుపు వినేది తల్లి. ఆమె చేతిలో మార్చగలిగింది తక్కువ కాబట్టి ఏడుస్తుంది, పక్క మంచం తల్లితో చెప్పుకుంటుంది, దేవుణ్ణి తలుచుకుంటుంది. ఫోనులో తండ్రి "డాక్టరు ఏమన్నాడు?" అని మాత్రమే అడిగితే ఆమెకు రాతిగుండెలా తోస్తాడు. ఆమె ఏడుపు అతనికి అధైర్యంలా వినిపిస్తుంది. నిజానికి ఇద్దరూ తట్టుకుంటున్నారు, చెరొక దారిలో. ఏది మెరుగని అడిగే విద్యార్థులు ప్రతి ఏడాదీ ఉంటారు. మార్చగలిగిన దాని దగ్గర మొదటిది, మార్చలేని దాని దగ్గర రెండోది పనికొస్తుందని లాజరస్ దృక్పథం. ఒకరి దారి మరొకరికి వివరించి చెప్పేవారు ఉంటే చాలా కాపురాల్లో తగవు తగ్గుతుందని నా అభిప్రాయం.

అపరాధ భావన మరో ముఖ్యాంశం. అమెరికాలో కాన్సర్ పిల్లల తల్లిదండ్రులను పరిశీలించి స్టాన్‌ఫర్డ్ ఫ్రీడ్‌మన్ బృందం 1963లో ప్రచురించిన పరిశోధనలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి లక్షణాలను తొందరగా గుర్తించలేదని తల్లిదండ్రులు తమను తాము నిందించుకున్నారు. తాతలు, అవ్వలు జబ్బును ఒప్పుకోవడానికి వెనకాడారు. సాటి తల్లిదండ్రులే పెద్ద ఆసరా అయ్యారు. దేశం వేరైనా "జ్వరమేలే అనుకుని వారం ఊరుకున్నాను" అనే మాట మనకు కొత్త కాదు. పైగా మన దగ్గర "ఏ పాపం చేశామో" అన్నది కూడా చేరుతుంది.

ఇక్కడ మతవిశ్వాసం సంగతి చూడాలి. ఆత్మకూరు దగ్గరి ఏ.ఎస్.పేట దర్గాకు హిందువులు, ముస్లిములు అని లేకుండా జబ్బు మనుషులను తీసుకొస్తారు. దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టేయడం చదువుకున్నవారికి సులువు. 1997లో మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్ మతం, ఒత్తిడి గురించి రాసిన గ్రంథం ఇంతకంటే జాగ్రత్తగా ఆలోచించమంటుంది. దేవుడు తోడున్నాడన్న భావన మనిషిని నిలబెడుతుంది. దేవుడు శిక్షిస్తున్నాడన్న భావన కుంగదీస్తుంది. కాబట్టి మొక్కు ఉందా లేదా అన్నది కాదు, ఆ మొక్కు వెనక ఉన్నది తోడా, శిక్షా అన్నది మీరు వినవలసిన విషయం.

అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త కాన్సర్‌కు మొదటి నెల మందులతోనే చాలామంది తేరుకుంటారు. జ్వరం తగ్గుతుంది, ముఖం తేటపడుతుంది. కానీ చికిత్స మొత్తం రెండు మూడేళ్ళు సాగాలి. నడుమ ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. సంపన్న దేశాల్లో కాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యాదాయ దేశాల్లో అనేకచోట్ల 30 శాతం లోపే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యంగా గుర్తించడం, మందులు అందకపోవడంతో పాటు చికిత్స మానేయడమూ అందుకు ఒక కారణం.

మానేయడానికి పేదరికమొక్కటే కారణం అనుకోకండి. "నయమైపోయింది" అని నమ్మడం కూడా ఉద్వేగ కేంద్రిత పద్ధతే. నెలల తరబడి బిగబట్టిన ఊపిరి ఆ మాటతో వదులుతుంది. వెంటనే మొక్కు తీర్చి, నలుగురికి అన్నం పెట్టి, తలనీలాలు ఇచ్చేస్తే ఇంటిల్లిపాది మనసులో ఆ జబ్బు ముగిసిన కథ అవుతుంది. తర్వాత చెన్నై బస్సు ఎక్కమంటే అవ్వే అడ్డు పడుతుంది: "బంగారంలా తిరుగుతున్న బిడ్డకు మళ్ళీ సూదులెందుకు?"

ఈ దశలో కుటుంబంతో మాట్లాడే ఆశా కార్యకర్తయినా, మీలాంటి విద్యార్థయినా ఆ నమ్మకాన్ని విరగ్గొట్టనక్కరలేదు. భయపెడితే వాళ్ళు తలుపు వేసుకుంటారు. "మొక్కు తప్పకుండా తీర్చండి, డాక్టరు ఇక రావద్దన్న రోజు తర్వాత" అని అవ్వకే ముందుగా చెప్పవచ్చు. అప్పుడు ఆశ ఎక్కడికీ పోదు, దాని తేదీ మాత్రం చికిత్స చివరికి జరుగుతుంది. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజును తల్లికీ తండ్రికీ ఇద్దరికీ చెప్పి, గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టించండి.