పిల్లల వ్రాతకు మార్కు లిడుట

బిడ్డ బడినుండి వచ్చి సంచి దింపగానే మనలో ననేకులు మొదట చూచునది పుస్తకమున నెఱ్ఱసిరాతో వేసిన యంకె. అది పెద్దదైన సంతసింతుము, చిన్నదైన కోపింతుము. దానికి పైనున్న పంక్తులను మాత్రము చదువము. నేనును నిన్న మొన్నటివఱకు నట్లే చేయుచుంటిని.

మా కాపురము పటాన్‌చెరు సమీపమునందలి భానూరు గ్రామము. ఇచ్చట భారత్ డైనమిక్స్ వారి కర్మాగారము కలదు. పాశమైలారము మొదలగు చుట్టుపట్ల చోట్ల మఱి యెన్నియో ఫ్యాక్టరీలు వెలసినవి. పనికై బీహారునుండియు, ఒడిశానుండియు వచ్చిన కుటుంబములు మన యిండ్ల ప్రక్కనే యుండును. అన్ని బడులయందును తెలుగు నేర్పవలె నని తెలంగాణ ప్రభుత్వము 2018లో చట్టము చేసినది గావున, వారి పిల్లలును మన పిల్లలును ఒకే బల్లపై కూర్చుండి తెలుగు వ్రాయుచున్నారు.

మా యమ్మాయియు, పొరుగింటి బీహారు బాలికయు మూడవ తరగతి. ఒకనాడు ఉక్తలేఖనమున నిద్దఱకును పదింటికి ఆఱే వచ్చినవి. "తప్పిన మాటలు నూఱేసిసార్లు వ్రాయుము" అనబోయి, ఏమి తోచెనో, రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన బెట్టి చూచితిని. ఒక్క తప్పైనను కలియలేదు! మా పిల్ల కథను 'కధ' యనియు, విద్యార్థిని 'విద్యార్ధి' యనియు, భాషను 'బాష' యనియు, ఫలమును 'పలము' అనియు వ్రాసినది. పొరుగు బాలిక ఆ నాలుగును చక్కగా వ్రాసి, తేలు, కోడి, పేరు, తోట యను మాటలను 'తెలు, కొడి, పెరు, తొట' యని కుఱుచ చేసినది.

కారణము స్పష్టమే. మన యిండ్లలో ఒత్తక్షరములను ఒత్తి పలుకుట తగ్గినది. చెవి వినని దానిని చేయి యెట్లు వ్రాయును? హిందీ మాటలాడు నింట నవి నోట నిలిచియున్నవి. కాని ఆ భాషలో ఎ-ఏ, ఒ-ఓలకు మనవలె హ్రస్వదీర్ఘ భేదము లేదు. మార్కు ఒక్కటే, మందు వేఱు. మా పిల్లకు 'అర్థ' మనగా భావ మనియు, 'అర్ధ' మనగా సగ మనియు కంటికి చూపవలెను. ఆ పిల్లకు మెడ-మేడ, కొన-కోన యని పలికి, చెవికి వినిపింపవలెను. నూఱుసార్లు వ్రాయించిన వేళ్లు నొచ్చుటయే లాభము.

చూచివ్రాతలో నిద్దఱకును నిండు మార్కులు. అది చేతికి పరీక్షయే కాని చదువునకు కాదు. దస్తూరి ముత్యములవలె నుండవలె నని మనకు పిచ్చి. నా మట్టుకు, వకారమునకును పకారమునకును తలకట్టులో భేదము తెలిసి, ద, ధ, థలు వేఱువేఱుగా కనబడి, వేళకు వ్రాత ముగిసిన చాలును. మా యమ్మాయి గుండ్రముగా చెక్కుచు కూర్చుండి పరీక్షలో సగము ప్రశ్నలు విడిచివచ్చిన దినము లున్నవి.

ఇక స్వంతవ్రాత. నిర్మాణాత్మక మూల్యాంకనమను పరీక్షలో వ్రాతపనులకు కొన్ని మార్కు లిత్తురు. ఆ మార్కులలో దస్తూరి కెంత, అక్షరదోషముల కెంత, పిల్ల తానై తలచిన దాని కెంత యని తల్లి కెట్లు తెలియును? గది నిండ పిల్లలున్న యుపాధ్యాయురాలిని తప్పుపట్టను. అన్ని పుస్తకములను అంత విడదీసి చూచుటకు ఆమెకు తీఱిక యేది? 'మా యిల్లు' అను విషయముపై మా పిల్ల గైడునుండి ఐదు వాక్యములు దింపినది. ఒక్క తప్పును లేదు. పొరుగు బాలిక, "మా నాయిన రాత్రి డ్యూటికి పోతడు. పొద్దున పండుతడు. మేము సప్పుడు చెయ్యము" అని వ్రాసినది. 'పండుతడు', 'సప్పుడు' అను మాటల క్రింద నెఱ్ఱగీతలు. ఆ వయసున నవి తప్పు లని నే నొప్పుకొనను. అవి వీథిలో మన పిల్లలనుండి యామె నేర్చిన తెలుగే కదా!

ఆమె తల్లికి తెలుగు చదువ రాదు. ఎఱ్ఱగీతలను చూచి బెదరి, ఏమి వ్రాసిన దని నన్నడిగినది. నాకు వచ్చిన హిందీలో ఆ మూడు వాక్యములును చెప్పితిని. ఆమె లోపలి గదివైపు ఒకసారి చూచి, భర్త నిద్ర లేచినపిమ్మట చూపుటకై, పుస్తకమును ఆ పుటవద్దనే తెఱచి బియ్యపు డబ్బాపై నుంచినది.