తొందర వేరు, తొందరపాటు వేరు

అల్వాల్ బజారులో ప్రొద్దుటిపూట కూరగాయల బండి చుట్టును మూగినవారు "జల్ది ఇయ్యవయ్యా" అని యెంత హడావుడి చేసినను బండివాడు కోపగింపడు గాని, కాటా మీద అంకె నిలువకమునుపే సంచి చాచినవానిని మాత్రము "ఆగమాగం చేయకు" అని గదమాయించును. మొదటిది వేగమును కోరుట, రెండవది చూడవలసినది చూడకుండుట. ఉర్దూ జల్ది, తెలంగాణపు ఆగమాగము ఒక్క నోటనే పలుకు ఈ ప్రాంతమున ఆ భేదము చిన్నపిల్లలకును తెలిసినదే. కలము పట్టినప్పుడే మనము దానిని మఱచుచున్నాము.

కన్నడిగుల "తొందరె", అరవవారి "తొందరవు" నేటికిని త్వరను గాక ఇబ్బందిని, ఉపద్రవమును తెలుపును. తెలుగున తొందర త్వరగా స్థిరపడినను, "పడు" ధాతువు నుండి పుట్టిన "పాటు" చేరినంతనే అది పొరపాటు, ఏమరుపాటు, తత్తరపాటుల సరసన పోయి కూర్చుండును. (ఏర్పాటు వంటి మంచి చుట్టములును ఆ యింట లేకపోలేదు.) కావున "తొందరగా రమ్ము" అనుటలో నింద లేదు, "తొందరపడితివి" అనుటలో నింద తప్ప వేఱేమియు లేదు. "అధికారులు తొందరపాటుతో సహాయము నందించిరి" అని వ్రాయువాడు మెచ్చుకొనబోయి తిట్టినవాడగును.

తొందరపాటను దోషమునకు విరుగుడైన కథ మహాభారత శాంతిపర్వమున నున్నది. గౌతముడు భార్యపై కినిసి, ఆమెను వధింపుమని కుమారున కాజ్ఞాపించి అడవికి వెడలిపోయెను. కుమారుడు ప్రతి పనికిని దీర్ఘముగా ఆలోచించువాడగుటచే చిరకారి యని పేరుపడినవాడు. తండ్రి యాజ్ఞ మీరుట పాపమా, తల్లిని చంపుట పాపమా యని తూచుచు ఆయుధముతో నిలుచుండగనే ప్రొద్దు గడచిపోయెను. ఇంతలో పశ్చాత్తప్తుడై పరుగున వచ్చిన గౌతముడు భార్య బ్రదికియుండుట చూచి, కుమారుని కౌగిలించుకొని, ఆ మాంద్యమునే వేనోళ్ల పొగడెను. లోకము సోమరితనమని ఎగతాళి చేసిన గుణమే ఆనాడు తల్లి ప్రాణము నిలిపినది.

ఆగి చూడవలసిన అవసరము పురాణకథతోనే తీరిపోలేదు. అల్వాల్ స్టేషను మీదుగా బొల్లారం, మేడ్చల్ దాటి ఉత్తరమునకు పోవు రైలుమార్గముననే మెదక్ జిల్లా మాసాయిపేట యున్నది. 2014 జూలై 24న అచ్చటి కాపలా లేని గేటు వద్ద బడిబస్సును నాందేడ్-సికింద్రాబాద్ పాసింజరు ఢీకొనగా పదికి పైగా పసిప్రాణములు పోయినవి. తప్పెవరిదో తీర్పు చెప్పుట నా పని గాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టములోని 131వ సెక్షను ప్రకారము అట్టి గేటు వద్ద బండి నిలిపి, క్లీనరో కండక్టరో దిగి పట్టాల వఱకు నడచి, ఇరువైపుల నుండియు రైలు రాకుండుట చూచిన పిమ్మటనే బండిని దాటింపవలెను. తోడెవ్వరు లేనిచో డ్రైవరే దిగి చూడవలెను. గంటకింత వేగమన్న అంకె యేదియు అందు లేదు. దిగి చూడుమనుటయే యున్నది. తొందరపాటునకు ఇంతకన్న స్పష్టమైన నిర్వచనము నిఘంటువులలో నాకు కనబడలేదు. దేశములోని బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లన్నియు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి.