అగ్రికోలో పుట్టిన ‘ఓన్లీ’: ఒక ఇంగ్లిష్ క్రియావిశేషణం, ఒక తెలుగు ‘ఏ’

జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో పెరిగిన తెలుగువారు ఎవరైనా ‘ఐ వాజ్ బార్న్ ఇన్ అగ్రికో ఓన్లీ’ అంటే పక్కనున్నవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు. అదే మాట లండన్‌లో అంటే వినేవాళ్లు కాస్త తడబడతారు. ఎవరైనా పుట్టేది ఒక్క చోటే కదా, ‘అగ్రికోలో మాత్రమే పుట్టాను’ అనడం దేనికి? ఉచ్చారణలో లోపం లేదు, పదాలన్నీ ఇంగ్లిషువే. చిక్కంతా చివరి పదంతోనే.

మాట్లాడేవారి మనసులో ఉన్నది ‘అగ్రికోలోనే పుట్టాను’ అనే వాక్యం. ఆ చివరి ‘ఏ’ను మన వ్యాకరణాలు అవధారణార్థకం అంటాయి. చూడటానికి ఒక్క అచ్చు, చేసేవి రెండు పనులు. ‘రెండే ఇచ్చాడు’ అన్నప్పుడు అది మిగతావాటిని తోసేస్తుంది, అంటే మూడోది ఇవ్వలేదని. ‘ఇక్కడే పుట్టాను’ అన్నప్పుడు తోసేయడం కాదు, వేలు పెట్టి చూపిస్తుంది. ఇంగ్లిష్ ‘ఓన్లీ’కి ప్రధానంగా తెలిసింది మొదటి పని. మనం రెండు పనులూ దానికే అప్పజెబుతాం.

ఇది తెలుగువారి ఒక్కరి అలవాటూ కాదు. అగ్రికో అనే పేరు పలుగులు, పారలకు పేరుపడ్డ టాటా అగ్రికో బ్రాండుది కూడా. 1912లో తొలి ఉక్కు తయారైన ఈ ఊరికి పని వెతుక్కుంటూ నలువైపుల నుంచీ జనం వచ్చారు, ఉత్తరాంధ్ర నుంచి కూడా. హిందీ మాట్లాడేవారికి ‘హీ’ ఉంది. బెంగాలీలో పదం చివర చేరే ‘ఇ’ ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో వినిపించే సంతాలీలో ‘గె’ ఉంది. తెలుగు ద్రావిడ భాష, హిందీ, బెంగాలీ ఇండో-ఆర్యన్, సంతాలీ ఆస్ట్రో-ఆసియాటిక్. కుటుంబాలు మూడు, నొక్కి చెప్పాల్సిన పదం వెనకాలే చిన్న ముక్క తగిలించే పద్ధతి ఒకటే. వేరు వేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఇలా ఒకే పోలికలు తెచ్చుకునే ప్రాంతంగా భారతదేశాన్ని భాషావేత్త ఎమెనో 1956లో వర్ణించారు. ఇన్ని భాషల వాళ్లు ఇంగ్లిషులో మాట్లాడుకుంటే ‘ఓన్లీ’ వాక్యం చివరికి చేరడంలో ఆశ్చర్యమేముంది?

భాషావేత్తలు దీన్ని పొరపాటుగా కొట్టిపారేయలేదు. భారతీయ ఇంగ్లిషులో ఈ ‘ఓన్లీ’ వాడకానికి ఒక క్రమం ఉందని రాకేశ్ భట్ 2000లో వాదించారు. 2007లో క్లాడియా లాంగె ‘ఓన్లీ’తో పాటు ‘టుడే ఇట్‌సెల్ఫ్’ లాంటి ‘ఇట్‌సెల్ఫ్’ను కూడా పరిశీలించారు. కాబట్టి టీకొట్టు దగ్గర ఎవరినీ దిద్దనక్కర్లేదు. పరిశోధన పత్రంలో, హెచ్చరిక బోర్డు మీద రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాన్ని చదివేవారి మనసులో మన ‘ఏ’ ఉండకపోవచ్చు.

అందుకు ఒక సులువైన పరీక్ష ఉంది. తెలుగు వాక్యంలో ‘ఏ’ తీసేసి ‘మాత్రమే’ పెట్టి చూడండి. (ఆ ‘మాత్రమే’లోనూ ఒక ‘ఏ’ దాగుందన్నది వేరే ముచ్చట.) అర్థం మారకపోతే ‘ఓన్లీ’ సరిపోతుంది. ‘రెండే ఇచ్చాడు’ని ‘రెండు మాత్రమే ఇచ్చాడు’ అనొచ్చు. ‘హీ గేవ్ ఓన్లీ టూ’ సరైనదే. ‘ఇప్పుడే వచ్చాను’ని ‘ఇప్పుడు మాత్రమే వచ్చాను’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ఇంగ్లిషుకు కావలసింది ‘జస్ట్’: ‘ఐ హావ్ జస్ట్ కమ్’. ‘ఇక్కడే పుట్టాను’కి ‘రైట్ హియర్’ చాలు. ‘నేనే చేశాను’ అనే అర్థంలో ‘ఐ ఓన్లీ డిడ్ ఇట్’ అంటే, ‘చేశానంతే, అదేమంత గొప్ప కాదు’ అని వినబడే ప్రమాదం ఉంది. ‘ఇట్ వాజ్ మీ’ అంటే సరి.

పదం కుదిరాక చోటు కుదరాలి. తెలుగులో ‘ఏ’ తనకు కావలసిన పదానికే అంటుకుంటుంది కాబట్టి గందరగోళం తక్కువ. ఇంగ్లిష్ ‘ఓన్లీ’ సాధారణంగా క్రియకు ముందు కూర్చుని, దూరంగా ఉన్న పదాన్ని కూడా పట్టుకోగలదు. ‘ఐ ఓన్లీ ఈట్ రైస్ ఎట్ నైట్’ అన్నప్పుడు ‘రైస్’ని ఒత్తి పలికితే రాత్రి తినేది అన్నమే, మరేదీ కాదు. ‘నైట్’ని ఒత్తితే అన్నం తినేది రాత్రి పూటే. ఒత్తి పలికిన పదానికి ఉన్న ప్రత్యామ్నాయాలన్నిటినీ ‘ఓన్లీ’ కొట్టివేస్తుందని మాట్స్ రూత్ 1985 నాటి తన పరిశోధనలో చూపించారు. కాగితం మీద ఆ ఒత్తు కనిపించదు. అందుకే ‘ఓన్లీ’ని సంబంధిత పదం పక్కనే ఉంచాలని బిషప్ రాబర్ట్ లౌత్ 1762లోనే తన వ్యాకరణంలో సూచించారు. మాటల్లో ఈ నియమాన్ని ఇంగ్లిషువాళ్లే అంతగా పట్టించుకోరు. రాతలో పాటిస్తే మేలు.

ఉక్కు ఊరికి తగిన ఉదాహరణ చూద్దాం. ‘ఓన్లీ ద సూపర్‌వైజర్ మే ఓపెన్ దిస్ వాల్వ్’ అంటే ఇతరులు ఆ వాల్వును ముట్టకూడదు. ‘ద సూపర్‌వైజర్ మే ఓపెన్ ఓన్లీ దిస్ వాల్వ్’ అంటే ఆయన వేరే వాల్వు తెరవకూడదు, ఇతరుల సంగతి ఇందులో లేదు. తెలుగు ‘సూపర్‌వైజరే’ను అలాగే దించి ‘ద సూపర్‌వైజర్ ఓన్లీ మే ఓపెన్ దిస్ వాల్వ్’ అని రాస్తే, ఆ ‘ఓన్లీ’ ఎడమవైపు పదానిదో కుడివైపు పదానిదో చదివేవాళ్లు ఆగి ఆలోచించాలి. వేడి కొలిమి దగ్గర అంత తీరిక ఉండదు.

‘మెంబర్స్ ఓన్లీ’, ‘ఫర్ అఫీషియల్ యూజ్ ఓన్లీ’ లాంటి బోర్డుల్లో మాత్రం ‘ఓన్లీ’ చివర ఉండటం అచ్చమైన ఇంగ్లిషే. అక్కడ క్రియ లేదు, సందేహానికీ తావు లేదు. పైగా ‘సభ్యులకు మాత్రమే’ అని తెలుగులోకి మార్చితే మన పరీక్షలోనూ నెగ్గుతుంది.