క్వాడ్ బైక్: పిల్లాడు ఎదిగాడని పెద్ద బండి కొంటున్నారా? సీసీ కాదు.. ముందు ఈ కొలతలు చూడండి

స్కూల్ యూనిఫామ్ కుట్టించేటప్పుడు మన ఇళ్లలో టైలర్‌కి చెప్పే మాట ఒకటే.. ‘ఎదిగే పిల్లాడు, కాస్త లూజుగా కుట్టండి’. చెప్పులూ ఒక సైజు పెద్దవే. సైకిల్ అయితే కాలు అందకపోయినా కడ్డీ కింద నుంచి దూర్చి తొక్కేస్తాడులే అనుకుంటాం. రెండేళ్లు వస్తుందన్న ఆశ. కానీ క్వాడ్ బైక్ దగ్గర ఈ లెక్క పెడితే మాత్రం ప్రాణం మీదకి వస్తుంది.

నాలుగు బెలూన్ టైర్లు, సైకిల్ లాంటి హ్యాండిల్, మధ్యలో సీటు.. ఇదే క్వాడ్ బైక్. ఏటీవీ అని కూడా అంటారు. విశాఖ తీరంలోనో, అరకు వైపు వెళ్లినప్పుడో టికెట్ కొని ఎక్కించే ఈ బండి ఇప్పుడు ఆన్‌లైన్‌లో పిల్లల సైజులో దొరుకుతోంది. బ్యాటరీవి, 49 సీసీ పెట్రోల్‌వి, 110, 125 సీసీవి.. అన్నీ ఉన్నాయి.

విజయనగరం జిల్లా రామతీర్థంలో ఒక ఇల్లు అనుకుందాం. తోట ఉంది, కోతలయ్యాక కళ్లం ఖాళీగా ఉంటుంది. ఆరేళ్లప్పుడు కొన్న చిన్న బండి మీద గుంటడు మూడేళ్లు తిరిగాడు. ఇప్పుడు తొమ్మిదేళ్లు. ‘డాడీ, ఇది స్లో అయిపోతోంది, పెద్దది కావాలి’ అని పేచీ. దుబాయ్‌లో ఉన్న మావయ్య డబ్బులు పంపిస్తానన్నాడు. ఎలాగూ కొంటున్నాం కదా, ఒకేసారి 125 సీసీ తీసుకుంటే ఇంటర్ వరకూ వచ్చేస్తుందని నాన్న ఆలోచన. సరిగ్గా ఇక్కడే ఆగాలి.

బండి బరువు ముందు.. వేగం తర్వాత

బైక్ అయితే మలుపులో మనతో పాటు ఒరుగుతుంది. క్వాడ్ ఒరగదు. నడిపేవాడే సీటు మీద లేచి, మలుపు లోపలి వైపుకి ఒళ్లు వాల్చాలి. ఆ బరువే బండిని నేలకి అదిమి పెడుతుంది. పేరుకి పిల్లల బండే గానీ, కంపెనీ 50 సీసీ క్వాడ్ కూడా దాదాపు 100 కిలోలు తూగుతుంది. అంటే రెండు సిమెంట్ బస్తాలు. పాతిక కిలోల పిల్లాడు ఎంత వాలితే అది మాట వింటుంది? బండి పెద్దదయ్యే కొద్దీ వాడి బరువు లెక్కలోకే రాదు. తిరగబడితే ఆ బస్తాలు పడేది వాడి మీదే. క్వాడ్ ప్రమాదాల్లో భయపడాల్సింది గుద్దుకోవడం కన్నా ఈ బోల్తా పడటమే. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి పొలం పనులకు అమ్మే కొత్త క్వాడ్ బైకులకు, బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా ఆపే చట్రం తప్పనిసరి చేశారు.

తారు రోడ్డు మీద ఇంకో తిరకాసు ఉంది. చాలా పిల్లల క్వాడ్‌లకి వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. కారులో అయితే మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటిది వేగంగా తిరిగేలా డిఫరెన్షియల్ ఉంటుంది. ఇందులో అది లేదు. మట్టిలో టైరు కొంచెం జారుతుంది కాబట్టి సరిపోతుంది. తారు మీద జారదు. హ్యాండిల్ తిప్పినా బండి ముందుకే తోస్తుంది, లేదా ఒక్కసారిగా పట్టు దొరికి పల్టీ కొడుతుంది. ‘రోడ్డు సాఫీగా ఉంది కదా, అక్కడే సేఫ్’ అనుకోవడం అందుకే పొరపాటు.

మరి ఏ వయసుకి ఏ బండి?

మన దేశంలో ఆన్‌లైన్‌లో కొంటుంటే పిల్లాడి వయసెంత అని అడిగేవాళ్లు తక్కువ. అమెరికాలో పెద్ద కంపెనీల డీలర్లు అడగాలి. అక్కడ ఒకప్పుడు సీసీని బట్టే లెక్క.. 70 సీసీ లోపు ఆరేళ్ల నుంచి, 90 సీసీ దాటితే 16 ఏళ్లు నిండాకే. తర్వాత ఆ పద్ధతి మార్చేశారు. ఇప్పుడు కొలిచేది వేగం. ఆరేళ్లు దాటిన పిల్లల బండి ఎంత నొక్కినా గంటకు 24 కిలోమీటర్లు మించకూడదు. పదేళ్లు, 12 ఏళ్లు దాటిన వాళ్ల బళ్లకి గరిష్ఠం 48 కిలోమీటర్లు. అది కూడా షోరూమ్ నుంచి వచ్చేటప్పుడు 24 దగ్గరే కట్టేసి ఇస్తారు. బండి మీద వయసు లేబుల్ అతికించి ఉంటుంది. అది కంపెనీ సలహా కింద చిన్న అక్షరాల్లో రాసిన మాట కాదు, అక్కడి చట్టం అడిగే ప్రమాణంలో భాగం.

అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మాట ఇంకా కఠినం. 16 ఏళ్లలోపు వాళ్లని అసలు ఏ క్వాడ్ మీదా ఎక్కించొద్దంటోంది. కొనాలా వద్దా అన్న మీమాంసలో ఉన్నవాళ్లు ఈ మాటని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక సీసీని నమ్మి సైజు అంచనా వేయడం కుదరదు. ఒకే 110 సీసీ ఇంజిన్‌ని చిన్న చట్రంలోనూ, పెద్ద చట్రంలోనూ పెట్టి అమ్ముతారు. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే వీలైతే పిల్లాడిని తీసుకెళ్లి, బండి ఆపి ఉండగా ఎక్కించి చూడాలి.

ఫుట్‌రెస్ట్ మీద నిలబడమనండి. సీటుకీ కాళ్ల సందుకీ మధ్య 3 నుంచి 6 అంగుళాల ఖాళీ ఉండాలి. అంతకంటే తక్కువైతే బండి పెద్దది. గతుకుల్లో లేచి నిలబడలేడు, సీటు ఎగిరి తంతుంది. కూర్చుంటే తొడలు దాదాపు నేలకు సమాంతరంగా రావాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పించండి. చెయ్యి నిటారుగా సాగిపోయి, ఒళ్లు ముందుకి లాగేస్తుంటే ఆ బండి వాడిది కాదు. మోచెయ్యి వంగే ఉండాలి.

చాలామంది చూడనిది బ్రేక్ లివర్. వేళ్లు చాపి లివర్ మీద పెడితే మధ్యవేలి మొదటి కణుపు లివర్ దాటి ముందుకి రావాలి. కొసతో అందుకుంటున్నాడంటే నొక్కే బలం ఉండదు. కాలి బ్రేక్ ఉంటే పాదం ఎత్తకుండా అందాలి. యాక్సిలరేటర్‌ని బొటనవేలితో నొక్కాలి కాబట్టి ఆ వేలికి హ్యాండిల్ వదలకుండానే అందుతోందా చూడండి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఇంకో ఏడాది ఆగడమే.

అసలు పాత బండి చిన్నదైపోయిందా?

‘స్లో అయిపోతోంది’ అన్నంత మాత్రాన చిన్నదైనట్టు కాదు. మలుపులో మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటే, నిలబడినప్పుడు ఖాళీ 6 అంగుళాలు దాటిపోతే.. అప్పుడు నిజంగా చిన్నదైంది. వేగమే సమస్య అయితే దానికి మందు చాలావరకు పాత బండిలోనే ఉంది. యాక్సిలరేటర్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది లోపలికి బిగిస్తే బొటనవేలు ఎంత నొక్కినా కొంతవరకే కదులుతుంది. కొన్నప్పటి నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోని ఇళ్లు బోలెడు. కళ్లంలో రెండు బకెట్లు పెట్టి ఎనిమిది అంకె వేయించండి. చెప్పిన గీత దగ్గర బండి తిన్నగా ఆపమనండి. ఇవి తడబడకుండా చేస్తే, వెనక్కి రమ్మనగానే వస్తే, అప్పుడు స్క్రూ కొంచెం వదులు చేయొచ్చు. కొత్త బండి ఖర్చు లేదు, పేచీ కూడా కొన్నాళ్లు ఆగుతుంది.

ఇంజిన్ ఆపే తాడు ఉన్న బండే కొనాలి. వెనకాల కట్టి ఉండే ఆ తాడు పట్టుకుని పెద్దవాళ్లు నడుస్తారు, లాగితే ఇంజిన్ ఆగిపోతుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్ ఐఎస్ఐ మార్కుది, పిల్లాడి తలకి సరిపడేది ఉండాలి. నాన్న హెల్మెట్ వద్దు. చెప్పులతో ఎక్కించొద్దు, షూస్ ఉండాల్సిందే. చెల్లెల్ని వెనకాల కూర్చోబెట్టుకోవడం అస్సలు కుదరదు. సీటు పొడుగ్గా ఉండేది ముందుకీ వెనక్కీ జరగడానికి, ఇద్దరి కోసం కాదు.

చోటు విషయంలో మన ఊళ్లకి మన ప్రమాదాలున్నాయి. పిట్టగోడ లేని నేలబావి, చెరువు గట్టు, పొలం గట్ల ఏటవాలు, మోటారు వైరు, ఆవుని కట్టిన పలుపు తాడు. బండి తీసే ముందు ఒకసారి నడిచి చూసుకోవాలి.

రోడ్డెక్కితే కేసు ఎవరి మీద?

‘చిన్న ఇంజినే కదా, లైసెన్స్ అక్కర్లేదు’ అన్న మాట బాగా తిరుగుతోంది. మోటారు వాహనాల చట్టంలో 25 సీసీ లోపు ఇంజిన్‌కి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది నాలుగు చక్రాల కంటే తక్కువ ఉన్న బండికే. తక్కువ వేగం ఎలక్ట్రిక్ స్కూటర్లకి ఇచ్చిన వెసులుబాటు కూడా టూ వీలర్లకే. క్వాడ్‌కి నాలుగు చక్రాలు కాబట్టి రెండూ వర్తించవు. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డు మీద నడిపితే మొదటిసారి 2 వేల నుంచి 5 వేల రూపాయల జరిమానా పడొచ్చు.

అసలు దెబ్బ అది కాదు. 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా బండి యజమానిదే బాధ్యత. మూడేళ్ల వరకూ జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేవరకూ లైసెన్స్ రాదు. ‘నాకు తెలియకుండా తీశాడండీ’ అంటే సరిపోదు. తెలియదని నిరూపించుకోవాల్సింది తల్లిదండ్రులే.

రోడ్డు అంటే తారు రోడ్డు ఒక్కటే కాదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే. నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్లే దారి, శివరాత్రి జాతరకి జనం నిండే గుడి పరిసరాలు, చింతపల్లి బీచ్.. అన్నీ అందులోకే వస్తాయి. తోటలోంచి కళ్లానికి వెళ్లాలంటే మధ్యలో రోడ్డు దాటాలా? అయితే ఇంజిన్ ఆపి పెద్దవాళ్లే తోసుకెళ్లాలి, లేదా ఆటో ట్రాలీలో వేసుకెళ్లాలి.

ఇక అన్నయ్యకి కొత్త బండి వచ్చాక పాతది ఆరేళ్లు నిండిన చెల్లికి ఇచ్చేద్దాం అనుకునేవాళ్లు ఒక పని మర్చిపోతుంటారు. అన్నయ్య కోసం వదులు చేసిన ఆ యాక్సిలరేటర్ స్క్రూ అలాగే ఉండిపోతుంది. పాప ఎక్కకముందే దాన్ని మళ్లీ పూర్తిగా బిగించాలి. అరిగిన బ్రేక్ కేబుళ్లు మార్చాలి. పైన చెప్పిన కొలతలన్నీ ఆ పాపకి మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి.