మీటరు తిరగని కంప్యూటర్

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మంచి కంప్యూటర్ కావాలని అడగడానికి మొహమాటపడతారు. క్లౌడ్‌లో పెద్ద మెషీన్ తెరవాలంటే మాత్రం క్షణం ఆలోచించరు. కంప్యూటర్ కొనాలంటే కొటేషన్ రావాలి, సంతకం కావాలి, లక్షన్నర అంకె కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. క్లౌడ్ ఖర్చయితే నెలాఖరు బిల్లులో ఏదో ఒక లైనులో కలిసిపోతుంది. కొండాపూర్‌లోని మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ కొటేషనూ ఈ బిల్లూ రెండూ నా బల్ల మీదికే వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివీ చదివీ నాకొక అభిప్రాయం స్థిరపడింది. డెవలపర్ రోజంతా చేసే పని సొంత యంత్రం మీదే జరగాలి. క్లౌడ్ డబ్బు కస్టమర్ల కోసం రాత్రింబవళ్లు నడవాల్సిన వాటికే పెట్టాలి.

అమెజాన్ 2006లో తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో ఆ సేవల కేంద్రాలు తెరిచింది. మనం బటన్ నొక్కగానే అక్కడి పెద్ద సర్వర్‌లో కొంత వాటా మనకు కేటాయిస్తారు. ఆ క్షణం నుంచి మీటరు మొదలు. మనం పనిలో ఉన్నామా, భోజనానికి వెళ్లామా అన్నది దానికి అనవసరం.

గంటకు 40 రూపాయల మెషీన్ తీసుకున్నామనుకుందాం. నెలకు 730 గంటలు. ఆపకుండా వదిలేస్తే 29,200 రూపాయలు. రోజుకు 8 గంటలు, నెలకు 22 రోజుల చొప్పున డెవలపర్ పనిచేసేది 176 గంటలే. సాయంత్రం ఆపి పొద్దున తెరిస్తే 7,040తో సరిపోతుంది. అదే పనికి లక్షన్నర పెట్టి డెస్క్‌టాప్ కొంటే, మొదటి లెక్కన 5 నెలలు దాటగానే పెట్టుబడి తిరిగొచ్చినట్టే. రెండో లెక్కన 21 నెలలు పడుతుంది. కరెంటు కూడా వేద్దాం. 300 వాట్లు లాగినా నెలకు 53 యూనిట్లు, యూనిట్ పది రూపాయలనుకున్నా 530. రోజూ వాడే యంత్రమైతే కొనడమే లాభం. నెలకు రెండు రోజులు మాత్రమే అవసరమయ్యేదానికి లక్షన్నర పెట్టడం దండగ.

సాయంత్రం ఆపేస్తారా అంటే, చాలాచోట్ల ఆపరు. ఆపినా బిల్లు పూర్తిగా ఆగదు. మెషీన్ అద్దె ఆగుతుంది గానీ దానికి తగిలించిన డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకు గంటకు అర సెంటు తీసుకుంటోంది. మన డేటాను లోపలికి పంపితే డబ్బు అడగరు. బయటికి తెచ్చుకోవాలంటే మాత్రం నెలకు మొదటి 100 జీబీ తర్వాత ప్రతి జీబీకీ కట్టాలి. బిల్లు రాగానే నేను ఒక్కో లైనూ పట్టుకుని గ్రూపులో “ఇది ఎవరిది?” అని అడుగుతాను. జవాబు రానివి ప్రతిసారీ కొన్ని తేలతాయి. ఎప్పుడో ముగిసిన ప్రాజెక్టు డిస్కులు, డెమో కోసం తెరిచి వదిలేసిన డేటాబేస్... వాటిని మూయించే దాకా నాకు మనసు ఒప్పదు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది నిరీక్షణ. ఇంటెల్ మెషీన్ మీద క్లౌడ్ వాళ్లు 8 వీసీపీయూలు అన్నారంటే సాధారణంగా అవి 4 కోర్లే, ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు. అమెజాన్‌లో ఎక్కువగా వాడే జీపీ3 డిస్కు మామూలు వేగం సెకనుకు 125 ఎంబీ, అంతకు మించి కావాలంటే అదనంగా కట్టాలి. ఇవాళ దుకాణంలో దొరికే మంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ సెకనుకు 7 జీబీ దాకా చదువుతుంది. ఆండ్రాయిడ్ యాప్ బిల్డ్ పెట్టి కూర్చున్న అమ్మాయిని గమనించండి. అర నిమిషంలో అయిపోతే కళ్లు తెరమీదే ఉంటాయి. ఆరు నిమిషాలైతే చేయి ఫోను మీదికి పోతుంది. తిరిగొచ్చేసరికి ఏ లైను దగ్గర ఏం అనుమానించిందో మళ్లీ మొదటి నుంచి గుర్తు తెచ్చుకోవాలి. ఈ నష్టం ఏ బిల్లులోనూ రాదు.

సొంత యంత్రం విలువ ఏఐ పనుల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 24 జీబీ మెమరీ ఉన్న ఒక గ్రాఫిక్స్ కార్డు బల్ల కింద ఉంటే, 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకు కుదించి హాయిగా నడుపుకోవచ్చు. అది దాదాపు 4 జీబీలోనే ఇముడుతుంది. 7,000 కోట్ల పారామీటర్ల మోడల్ అదే కుదింపులో కూడా ఒక్క కార్డులో పట్టదు, అప్పుడు అద్దె తప్పదు. కానీ నేర్చుకునే కుర్రాడికి కావలసింది పదిసార్లు చెడగొట్టి పదకొండోసారి చూసుకునే స్వేచ్ఛ. గంట గంటకూ డబ్బు పోతుంటే మూడో ప్రయత్నానికే చేతులు ముడుచుకుంటాడు. సొంత కార్డు ఉన్నవాడు రాత్రి పని పెట్టేసి నిశ్చింతగా నిద్రపోతాడు.

బేస్‌క్యాంప్ తయారుచేసే అమెరికా కంపెనీ 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్‌కు 32 లక్షల డాలర్లు కట్టి, 2023లో దాదాపు 7 లక్షల డాలర్ల సర్వర్లు కొనుక్కుని తన యాప్‌లను బయటికి తెచ్చేసుకుంది. ఈ కథ చెప్పి మొత్తం క్లౌడ్ మానేద్దామనే వాళ్లు నాకు ఎదురవుతుంటారు. కానీ 37సిగ్నల్స్ వాళ్లు సర్వర్లను ఆఫీసు గదిలో పెట్టుకోలేదు, అద్దె డేటా సెంటర్లో పెట్టారు. వాటిని చూసుకునే అనుభవజ్ఞులు వాళ్లకు ముందే ఉన్నారు. పైగా వాళ్ల వాడకంలో పెద్దగా హెచ్చుతగ్గులుండవు. ఇంటర్ ఫలితాలు చూపించే సైటు సంగతి వేరు, ఏడాదంతా ఖాళీగా ఉండి ఒక్క పూట లక్షలమంది మీద పడతారు. పెళ్లికి గుండిగలు అద్దెకు తెచ్చుకుంటాం, రోజూ అన్నం వండే గిన్నె కొనుక్కుంటాం. కస్టమర్ల డేటాబేస్, దాని బ్యాకప్, ఇలాంటి రద్దీ రోజులు — వీటిని నేను ఆఫీసుకు ఎప్పటికీ తీసుకురాను. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు.

కొనేటప్పుడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లేవాళ్లకు నేనిచ్చే చీటీలో మొదటి వరుస ర్యామ్‌ది. 32 జీబీకి తగ్గొద్దు, ఇంకో రెండు స్లాట్లు ఖాళీగా ఉండాలి. తర్వాత 1 టీబీ ఎన్‌వీఎంఈ, ఆ తర్వాతే ప్రాసెసర్. రంగు లైట్ల క్యాబినెట్‌కి ఇచ్చే డబ్బు మంచి పవర్ సప్లైకి ఇవ్వండి. క్లౌడ్‌లో మిగిలిన టెస్ట్ మెషీన్లను రాత్రి 8 గంటలకు వాటంతటవే ఆపేసే చిన్న స్క్రిప్ట్ అదే వారం రాయించండి. యంత్రం కొనేశాం కదా అని పాత క్లౌడ్ మెషీన్‌ని మూయకుండా వదిలేస్తే, రెండు ఖర్చులూ మీ మీదే పడతాయి.