ముగ్గురు పాడితే మైకులెన్ని?

తాడేపల్లి దగ్గర కృష్ణా కెనాల్ జంక్షన్‌లో రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి తెనాలికి, ఇంకొకటి గుంటూరుకు. ఆ పక్కనే చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి. పగలూ రాత్రీ అటు గూడ్సు బండ్లు, ఇటు లారీలు. ఆ చప్పుళ్ల మధ్యనే, ఇంట్లో ఒక గది ఖాళీ చేసి పాటలు రికార్డు చేసుకోవాలనుకునే వాళ్లున్నారు. జానపదాలు, క్రైస్తవ గీతాలు, భజనలు, నాటక పద్యాలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు. వీటికోసం ఒకప్పుడు మద్రాసు రైలెక్కేవారు, తర్వాత హైదరాబాదు బస్సెక్కారు. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఆ రెంటినీ కలిపే చిన్న పెట్టె ఉంటే పని మొదలవుతుంది. దుకాణంలో దాన్ని సౌండ్ కార్డు అంటారు, డబ్బా మీద ఆడియో ఇంటర్‌ఫేస్ అని ఉంటుంది. ఏది కొనాలన్న ప్రశ్న దగ్గరే చాలామంది నెలల తరబడి ఆగిపోతారు. అసలు ఆ ప్రశ్నే ముందు అడగకూడదన్నది నా వాదన. మొదట గదిని కొలవాలి, తర్వాత కలిసి పాడే మనుషుల్ని లెక్కపెట్టాలి. డబ్బా మీద అచ్చేసిన బిట్లూ కిలోహెర్ట్‌జులూ ఆ తర్వాతి సంగతి.

పెట్టె చేసే పని మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు. మైకులో పుట్టే విద్యుత్తు మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు పెంచాలి; ఇది ప్రీయాంప్ పని, ఆ పెంపు పేరే గెయిన్. పెరిగిన ఆ అలను సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మార్చాలి. ఇది కన్వర్టర్ పని. ఆ అంకెల్ని ఆలస్యం లేకుండా కంప్యూటర్‌కు పంపి, తిరిగొచ్చిన వాటిని హెడ్‌ఫోన్లలో వినిపించాలి; ఇది డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ పని. ప్రకటనలన్నీ రెండో ముక్క చుట్టూ తిరుగుతాయి. ఇంటి స్టూడియోలో ఇబ్బంది వచ్చేది మొదటి ముక్కలోనూ మూడో ముక్కలోనూ.

ఎందుకో లెక్కవేసి చూద్దాం. 16 బిట్ల రికార్డింగులో అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ ఎడం పడుతుంది. సీడీల మీద మనం విన్న సంగీతమంతా ఆ ఎడంలో ఇమిడిందే. 24 బిట్లకు సూత్రం ప్రకారం 144 రావాలి. మామూలు ధరలో దొరికే పెట్టెలు నిజంగా ఇచ్చేది 110 దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పుడు గది సంగతి చూడండి. అర్ధరాత్రి తలుపులన్నీ వేసుకున్నా ఊళ్లోని గదిలో 35 డెసిబెల్స్ చప్పుడు ఉండనే ఉంటుంది. ఫ్యాను వేస్తే 45కు చేరుతుంది. జానెడు దూరంలోని మైకు దగ్గర గాయకుడి గొంతు 85 అటూఇటూగా పలుకుతుంది. అంటే పాటకూ గది చప్పుడుకూ మధ్య మిగిలిన ఎడం 40 నుంచి 50 డెసిబెల్స్. చవక పెట్టె సైతం ఆ గది కన్నా 60 డెసిబెల్స్ నిశ్శబ్దంగా ఉంది. 110ని 120 చేసుకోవడానికి అదనంగా వేలు పోస్తే, కొనుక్కున్న ఆ పది డెసిబెల్స్ ఫ్యాను గాలిలోనే కలిసిపోతాయి. మైకును మూరెడు దూరం నుంచి జానెడు దూరానికి జరిపితే మాత్రం గొంతు గది మీద 6 డెసిబెల్స్ పైకి లేస్తుంది. అరజానకు తెస్తే ఇంకో 6. దూరం సగమైన ప్రతిసారీ ధ్వని ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి ఈ లాభం. దానికి పైసా ఖర్చు లేదు.

మరి 192 కిలోహెర్ట్‌జుల పెట్టె మేలు కాదా అని అడుగుతారు. మనిషి చెవి 20,000 హెర్ట్‌జుల పైన వినదు. సెకనుకు 44,100 సార్లు కొలిస్తే 22,050 హెర్ట్‌జుల దాకా ప్రతి స్వరమూ పట్టుబడుతుంది. వీడియోకు 48 కిలోహెర్ట్‌జులు వాడుక. 192 పెట్టుకుంటే ఫైలు నాలుగు రెట్లవుతుంది, ల్యాప్‌టాప్ రొప్పుతుంది, చివరికి యూట్యూబ్ దాన్నంతా కుదించి శ్రోత ఫోనుకు పంపుతుంది. 24 బిట్లు మాత్రం తప్పకుండా కావాలి, అయితే దాని కారణం వేరు. తెనాలి, గుంటూరు వేదికల మీద పద్యం పాడే నటుడు మంద్రంలో మొదలెట్టి రాగం తీస్తూ తారస్థాయికి వెళ్లినప్పుడు గొంతు ఎంత ఎత్తుకు లేస్తుందో ముందే చెప్పలేం. 24 బిట్లలో గరిష్ఠానికి 12 డెసిబెల్స్ కిందనే ఉండేట్టు గెయిన్ పెట్టుకున్నా పోయేది రెండు బిట్లు, మిగిలింది చాలా ఎక్కువ. ఆ వెసులుబాటు కోసం 24 బిట్లు. ఈమధ్య కొన్ని పరికరాల్లో వస్తున్న 32 బిట్ ఫ్లోట్ అంకెల దగ్గర ధ్వని పగలకుండా కాపాడుతుంది కానీ, మైకులోనో ప్రీయాంప్‌లోనో ముందే పగిలిన ధ్వనిని బాగుచేయలేదు.

గది చప్పుడు ఇంత ఉన్నప్పుడు మైకును నోటికి దగ్గరగా పెట్టక తప్పదు. ఆ పనికి డైనమిక్ మైకు హాయి. కండెన్సర్ మైకు గది చప్పుడంతా లాగుతుందని అందరూ అనే మాట సగమే నిజం. అసలు తేడా తెచ్చేది దూరం. కండెన్సర్‌ను దూరంగా పెట్టి వాడే అలవాటు ఉంది గనక నింద దాని మీద పడింది. అయితే డైనమిక్ మైకు పుట్టించే విద్యుత్తు కండెన్సర్ ఇచ్చే దానిలో పదో వంతు ఉంటుంది, అంటే 20 డెసిబెల్స్ తక్కువ. అక్కడ ప్రీయాంప్ గెయిన్ అసలు పరీక్ష అవుతుంది. షూర్ ఎస్ఎం7బీ మైకుకు కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని తయారీదారులే చెబుతారు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో దొరికేది 56. 2023లో వచ్చిన నాలుగో తరంలో 69. మూడో తరం పెట్టె కొని ఆ మైకు పెట్టుకున్నవాళ్లు గుండీ చివరికంటా తిప్పినా గొంతు పీలగానే వినిపిస్తుంది; లోపం గొంతులో లేదు. కొనేముందు వివరాల పట్టికలో చదవాల్సిన అంకె ఇది, పెద్ద అక్షరాల్లో ఉండే 192 కాదు. గట్టిగా మోగే నాదస్వరానికి లెక్క తిరగబడుతుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన కరవది ప్రకాశం జిల్లాలోనే ఉంది. చిలకలూరిపేట బాణీ పెరిగిన నేల ఇది. సన్నాయి, డోలు రికార్డు చేయాలనుకునే ఇంట్లో గెయిన్ ఎంత ఎక్కువ వస్తుందన్న దిగులు అక్కర్లేదు. ఎంత తక్కువకు దిగుతుంది, ధ్వనిని తగ్గించే ప్యాడ్ మీట ఉందా అన్నది చూడాలి.

గదికి మందు పత్తి, అది ఈ ప్రాంతపు పొలాల్లోనే పండుతుంది. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి భక్తిరంజని కార్యక్రమంతో ఈ ప్రాంతపు చెవికి మంచి ధ్వని అలవాటు చేసింది. రేడియో స్టూడియో అంటే ముందు గోడలు, ధ్వనిని పీల్చుకునేలా కట్టిన గోడలు. యంత్రాలు ఆ తర్వాతే. ఇంట్లో ఆ పనిని దూది పరుపు చాలావరకు చేస్తుంది. 1000 హెర్ట్‌జుల అల పొడవు 34 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల మందం ఉంటే దూది ఆ అలను బాగా పీల్చుకుంటుంది. అంటే నాలుగంగుళాల దూది పరుపు గాయకుడి వెనక నిలబెడితే, ఖాళీ గదిలో గొంతును బావిలోంచి వచ్చినట్టు చేసే ప్రతిధ్వని చాలావరకు పోతుంది. పలచటి బొంతలు, గుడ్లట్టల అతుకులు ఆ పని చేయలేవు. గోడకు ఆనించకుండా కాస్త ఎడం వదిలితే ఇంకా కిందిస్థాయి స్వరాల మీదా పనిచేస్తుంది. గూడ్సు బండి రొదను మాత్రం ఏ పరుపూ ఆపలేదు. 100 హెర్ట్‌జుల అలకు నాలుగో వంతే 85 సెంటీమీటర్లు. దానికి మందు 80 హెర్ట్‌జుల కింద కోసేసే ఫిల్టర్, లేదంటే బండి వెళ్లేదాకా ఆగడం.

ఇక మనుషుల లెక్క. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. బజార్లో ఎక్కువగా అమ్ముడయ్యే పెట్టెలు ఒంటరి గాయకుడి కోసం తయారైనవి. ఒక మైకు, ఒక గిటారు. స్కార్లెట్ సోలోలో, బెరింజర్ యూఎంసీ22లో రెండు ఇన్‌పుట్లున్నా మైకుకు ప్రీయాంప్ ఒక్కటే, రెండోది గిటారుది. పెట్టె పేరులోని అంకె మైకుల సంఖ్య అనుకుంటే మోసపోతాం: స్కార్లెట్ 4ఐ4లో మైకు ప్రీయాంప్‌లు రెండే, 18ఐ20లో ఎనిమిది. తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో పుట్టి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ బుర్రకథను తలుచుకోండి. మధ్యలో తంబురతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. మూడు గొంతులు, మూడు వాద్యాలు. పద్యనాటకానికైనా గాయకుడు, హార్మోనియం, తబలా అంటే ముగ్గురు. ఒంటరి మనిషి కోసం చేసిన పెట్టెలో వీళ్లు పట్టరు.

ఒకరి తర్వాత ఒకరిని రికార్డు చేసి కలపొచ్చు కదా, సినిమా పాటలు దశాబ్దాలుగా అలాగే చేస్తున్నారు కదా అన్నది బలమైన అభ్యంతరం. సినిమా పాట విషయంలో అది పూర్తిగా ఒప్పుకోవాల్సిందే. తాళం ముందే కుదిరి ఉంటుంది, స్వరకర్త ప్రతి గమకమూ నిర్ణయించి ఉంటాడు. అలాంటి పాటలు చేసేవాళ్లకు ఒక్క మైకు పెట్టె చాలు, మిగిలిన సొమ్ము మైకు మీద పెట్టడం తెలివైన పని. కానీ పద్యంలో రాగాలాపనకు తాళం లేదు. గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఏ స్వరం మీద నిలబడతాడో హార్మోనియం వాయించే మనిషి ఆ క్షణంలో విని అందుకుంటాడు. బుర్రకథలో వంత వేసే మాట కథకుడి ఊపిరి మీద ఆధారపడి ఉంటుంది. వీళ్లను విడదీసి, చెవిలో టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టి విడివిడిగా పాడిస్తే అంకెల్లో తప్పు కనిపించదు, కథ చచ్చిపోతుంది.

రెండు ఇన్‌పుట్ల పెట్టె ఇప్పుడు కొని, తర్వాత ఇంకొకటి కొని జతచేద్దామన్న ఆలోచన విండోస్‌లో కుదరదు. స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఏఎస్ఐఓ పద్ధతిలో సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒక్క పెట్టె డ్రైవర్‌నే వాడుకుంటుంది. ఎలాగో కలిపినా రెండు పెట్టెల గడియారాలు కొద్దికొద్దిగా జారిపోతూ ఉంటాయి. రేపు పెంచుకోవాలనుకుంటే ఏడీఏటీ అనే ఆప్టికల్ రంధ్రం ఉన్న పెట్టె కొనాలి. ఆ ఒక్క తీగ మీద 48 కిలోహెర్ట్‌జుల దగ్గర ఎనిమిది మైకుల ధ్వని వస్తుంది. అంత ఖర్చు భరించలేనివాళ్లకు పాత దారి ఉంది. 1925కు ముందు, విద్యుత్ రికార్డింగ్ రాకమునుపు, గ్రామఫోను పాటలన్నీ ఒకే కొమ్ములోకి పాడినవే. గట్టి వాద్యాన్ని వెనక్కి, మెల్లని గొంతును ముందుకు జరిపి, మనుషుల దూరాలతోనే సమతూకం చేసేవారు. రెండు మంచి మైకులు, రెండు ప్రీయాంప్‌లు పెట్టుకుని డక్కీలను రెండడుగులు వెనక్కి జరిపితే బుర్రకథ రికార్డవుతుంది. తర్వాత ఒక్కో గొంతునూ విడిగా సవరించే వీలుండదు, నిజమే. ఎక్కువసార్లు సాధన చేయాలి.

మూడో ముక్క ఆలస్యం. 48 కిలోహెర్ట్‌జుల దగ్గర, అంకెల్ని కాసేపు ఆపి ఉంచే బఫర్‌లో 256 నమూనాలు నిలిస్తే అయిదు మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. వెళ్లడానికీ రావడానికీ కలిపి పది దాటుతుంది. ధ్వని మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది గనక, తన గొంతే మూడున్నర మీటర్ల అవతల నుంచి వినిపించినట్టు గాయకుడికి అనిపిస్తుంది. డైరెక్ట్ మానిటర్ మీట ఉన్న పెట్టెలో ధ్వని కంప్యూటర్‌దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కు వస్తుంది. ఆ మీట, తయారీదారు సొంతంగా ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్, ఈ రెండూ లేని పెట్టెను ఎంత చవకైనా వదిలేయాలి. ఇక గుయ్యిమనే 50 హెర్ట్‌జుల హమ్ వస్తే పెట్టెను తిట్టే ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద వినాలి. హమ్ పోయిందంటే తప్పు కరెంటు లైనుది, ఎక్కువసార్లు ఎర్తింగ్‌ది.

ఖరీదైన ప్రీయాంప్‌లో వెచ్చదనం ఉంటుందని నమ్మేవాళ్లను కొట్టిపారేయను. పాత ట్రాన్స్‌ఫార్మర్ పరికరాలకు తమదైన రంగు ఉంటుంది. కానీ నిశ్శబ్దం కోసమైతే, 150 ఓమ్‌ల మైకు తనంతట తానే పుట్టించే చప్పుడు మైనస్ 131 డీబీయూ. ప్రకృతి గీసిన గీత అది. ఇవాళ్టి మామూలు పెట్టెలు మైనస్ 127, 128 దగ్గర ఉన్నాయి. ఎంత డబ్బు పెట్టినా ఇంకా కొనగలిగేది మూడు నాలుగు డెసిబెల్స్.

కొనేముందు ఫోను చాలు. గాయకుడు నిలబడే చోట దాన్ని పెట్టి, ఫ్యాను ఆపి ఒక నిమిషం, ఫ్యాను వేసి ఒక నిమిషం, కెనాల్ జంక్షన్ దాటి గూడ్సు బండి వెళ్తున్నప్పుడు ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత పాడేవాళ్లందరినీ ఆ గదిలోకి పిలిచి కూర్చోబెట్టండి. అక్కడే వాళ్లను లెక్కపెట్టండి.