‘పాడతారట’ : పునస్సమాగమ వార్తలలో ఊహ, వినికిడి, భాష

విడిపోయిన సంగీతబృందము మరల కలిసినదని తెలిసినంతనే శ్రోతల నోట ఒక ప్రశ్న పుట్టును: కొత్త పాట వచ్చునా? దీనికి సరియైన జవాబు తెలిసినవారు ఇద్దరో ముగ్గురో ఉందురు, మాట్లాడువారు లక్షలమంది. ఈ సంభాషణము నిరాధారమని విద్వాంసులు సాధారణముగా ఉపేక్షింతురు. భాషాధ్యయనము చేయువారికి మాత్రము ఇది విలువగల సామగ్రి. తెలియని సంగతిని గురించి మాట్లాడునపుడు, వక్త తనకు ఎంత తెలిసినదో, ఏ మార్గమున తెలిసినదో భాషలో ఎట్లు సూచించునో ఇచ్చట స్పష్టముగా కనబడును. తెలుగులో ఆ పనిని నిర్వహించు పదములను ఒక ప్రసిద్ధోదాహరణము ద్వారా వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఉదాహరణముగా గ్రహించినది శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము, ఇళయరాజాల పునస్సమాగమము. వీరి సంబంధము గాయకునకు, సంగీతదర్శకునకు నడుమ నుండు సంబంధముగా మొదలు కాలేదు. ఇళయరాజా చలనచిత్రరంగమున పేరు పొందుటకు పూర్వము బాలసుబ్రహ్మణ్యము మద్రాసులో ఒక లలితసంగీత బృందమును నడిపెడివారు. అందులో ఇళయరాజా గిటారును, తరువాత హార్మోనియమును వాయించిరి. ఆయన సోదరులు భాస్కరు, గంగై అమరన్ కూడ ఆ బృందములోనివారే. 1976లో ‘అన్నక్కిళి’ చిత్రముతో ఇళయరాజా సంగీతదర్శకులైరి. ‘సాగరసంగమము’ (1983), ‘రుద్రవీణ’ (1988) చిత్రములకు సంగీతమునకు ఆయనకును, గానమునకు బాలసుబ్రహ్మణ్యమునకును జాతీయ పురస్కారములు లభించినవి. పాశ్చాత్యులు రాక్ బృందముల విషయమున చెప్పు ‘పాత సహచరుల పునఃకలయిక’ మన దేశమున ఎచ్చటనైన సరిపోయినచో, అది ఈ ఇరువురి విషయముననే.

2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యము తమ గానజీవితపు అర్ధశతాబ్ది సందర్భమున అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తమ అనుమతి లేక తమ బాణీలను వేదికలపై పాడరాదని ఇళయరాజా తరఫు న్యాయవాది నోటీసు పంపిరి. గాయని చిత్రకు, బాలసుబ్రహ్మణ్యము కుమారుడు చరణ్‌కు కూడ నోటీసులు అందినవి. బాలసుబ్రహ్మణ్యము ఈ సంగతిని ఫేస్‌బుక్‌లో తెలిపి, ఆ పర్యటనలో మిగిలిన కచేరీలలో ఆ పాటలు పాడబోనని ప్రకటించిరి. దీని వెనుక ఒక వాస్తవమైన న్యాయసమస్య కలదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణము, చిత్రగీతములు సినిమాహాలు వెలుపల వినియోగింపబడునపుడు రచయితకును స్వరకర్తకును రాయల్టీలో హక్కు కల్పించినది. పాట ఎవరిది, పాడిన గొంతునకు దానిపై ఏమి హక్కు కలదు అను ప్రశ్నలు అప్పటినుండి బహిరంగ చర్చకు వచ్చినవి.

రెండేండ్లకు పైగా గడచిన పిదప, 2019లో, ఇరువురును మరల కలిసిరి. ఆ సంవత్సరము జూన్ 2న, ఇళయరాజా జన్మదినమున, చెన్నైలో జరిగిన కచేరీలో బాలసుబ్రహ్మణ్యము పాడిరి. అంతకు కొద్దిదినముల ముందు, రిహార్సలు సందర్భమున ఇరువురును ఆలింగనము చేసికొన్న ఛాయాచిత్రము దేశమంతట వ్యాపించినది. ఆ చిత్రమునకును, ఆ పిమ్మట నిజముగా వెలువడిన పాటకును నడుమ సాగిన ఊహాగానమే మనకు ప్రస్తుతము.

ఈ ఊహాగానము మద్రాసు, హైదరాబాదు, విజయవాడలకు పరిమితమైనది కాదు. తెలుగుపాట వినువారు తెలుగుదేశపు ఎల్లలు దాటి చాల దూరము ఉన్నారు. 1931లో పూర్తియైన రాయపూరు - విజయనగరము రైలుమార్గము ఉత్తరాంధ్రమును ఛత్తీస్‌గఢ్ మైదానముతో కలిపినది. ఇట్టి మార్గములు మనుష్యులతో పాటు మాటలను, పాటలను కూడ మోసికొనిపోవును. రాయపూరు స్టేషనుకు చేరువనున్న గుఢియారీలో, హిందీ, ఛత్తీస్‌గఢీ నడుమ, ఇద్దరు తెలుగు శ్రోతలు 2019 మే చివర ఇట్లు మాటలాడుకొనుచున్నారని ఊహింతము:

“అన్నయ్యా, బాలుగారూ ఇళయరాజాగారూ మళ్ళీ కలిశారట!”

“కలిశారు. ఫొటో నేనూ చూశాను.”

“ఇంక కొత్త పాట పాడిస్తారేమో.”

“రిహార్సల్లో తీసిన ఫొటోలాగుంది. కచేరీలో పాడతారు కాబోలు.”

“సినిమాలో కూడా పాడితే బాగుణ్ణు.”

ఈ ఐదు మాటలలో ఒకే విషయమును గురించిన ఐదు విధములైన జ్ఞానస్థితులు కలవు. ‘కలిశారట’ అనుటలో వక్త తాను చూడలేదనియు, ఇతరుల వలన విన్నాననియు తెలుపుచున్నాడు. రెండవవాడు ‘అట’ను తొలగించి ‘కలిశారు’ అని, దానికి ఆధారముగా ఛాయాచిత్రమును చూపుచున్నాడు. ‘పాడిస్తారేమో’ అనుటలో ఆధారము లేదు, సంభావ్యత మాత్రమే కలదు. ‘లాగుంది’, ‘కాబోలు’ అనునవి కనబడిన గుర్తునుండి కనబడని దానిని సాధించు అనుమానమును తెలుపును. ‘బాగుణ్ణు’ కేవల వాంఛ. ఊహాగానము సాగినకొలది మాట ఈ మెట్లపై ఎక్కుచు దిగుచు ఉండును. మంచి వక్త తాను ఏ మెట్టుపై ఉన్నాడో ప్రతి వాక్యాంతమున చెప్పుచునే ఉండును. ఇది ఆయన ప్రత్యేకముగా పూనుకొని చేయు నియమము కాదు. భాష ఆ సౌకర్యమును ఆయనకు అలవాటుగా ఇచ్చినది.

‘అట’ శబ్దము ‘అను’ ధాతువునకు చేరినదని సాధారణముగా అంగీకరింతురు. ప్రాచీన కావ్యములలో ఇది అరసున్నతో ‘అఁట’ అని కనబడును. ‘అని’ చేరిన వాక్యమునకును దీనికిని భేదము గమనింపదగినది. ‘పాడుతానని ఆయన చెప్పారు’ అన్నపుడు చెప్పిన వ్యక్తి వాక్యములో నిలిచి యుండును. ‘పాడతారట’ అన్నపుడు ఆ వ్యక్తి తెర వెనుకకు పోయి, వినికిడి మాత్రము మిగులును. రెండును కలిసి రావచ్చును: ‘పాడతానని ఆయన చెప్పారట.’ ఇందులో చెప్పిన వ్యక్తియు కలడు, ఆ మాటను మోసికొనివచ్చిన పేరు లేని మనిషియు కలడు. ప్రశ్నలో కూడ ఇది నిలుచును. ‘పాడతారటా?’ అని అడిగినవాడు పాడుదురా అని అడుగుట లేదు, అట్టి వార్త ఏమైన వినబడినదా అని అడుగుచున్నాడు.

సోదరభాషలలో ఇట్టి సాధనములు కలవు. తమిళమున ‘ఆమ్’, కన్నడమున ‘అంతె’, మలయాళమున ‘అత్రె’ క్రియ వెనుక చేరి వినికిడిని తెలుపును. ఆర్యభాషలలో మరాఠీ ‘మ్హణే’ ఇదే పని చేయును. సంస్కృతమున పాణిని వక్త స్వయముగా చూడని గతకాలక్రియకు లిట్ లకారమును ప్రత్యేకించెను. అమరకోశము ‘కిల’ శబ్దమునకు వార్త, సంభావ్యము అను రెండర్థములను చెప్పినది. తెలుగు ఆ రెండర్థములను విడదీసి మొదటిదానిని ‘అట’కును, రెండవదానిని ‘ఏమో’కును అప్పగించినదని పోల్చి చెప్పవచ్చును.

హిందీలో ఈ పనిని ఎక్కువగా ‘సునా హై’, ‘కహతే హైఁ’ అను వాక్యములు చేయును. అవి సాధారణముగా మాట మొదట వచ్చును. ఒకసారి ‘సునా హై’ అని ఆరంభించిన పిమ్మట నాలుగైదు వాక్యములు దాని నీడలోనే సాగిపోవచ్చును. తెలుగులో ‘అట’ వాక్యము చివర వచ్చును గనుక, దాదాపు ప్రతి వాక్యమునకును దానిని మరల పలుకవలసి యుండును. గుఢియారీలోని మన శ్రోత పొరుగింటివారికి ఈ వార్తను హిందీలో చెప్పినచో, ఐదు ‘అట’లకు ఒక్క ‘సునా హై’ మిగులును. విన్నవారు మధ్యలో వచ్చినచో అదియు వారి చెవిని పడదు. హిందీ ఈ విషయమున లోపము గలదని దీని తాత్పర్యము కాదు. గుర్తు ఉండు స్థానము మారినపుడు, అది జారిపోవు మార్గమును మారునని మాత్రమే.

తెలుగులోనే ఇంకొక విధముగ ఆ గుర్తు జారిపోవును. చెన్నైలో తమిళమున ‘ఆమ్’తో పుట్టిన మాట సరాసరి తెలుగు సంభాషణలోనికి వచ్చినచో ‘అట’గా నిలుచును. అదే మాట పత్రికాభాష గుండా వచ్చినచో ‘పాడనున్నారు’ అని మారును. ఈ ‘నున్నారు’ రూపములో వక్తకు ఎట్లు తెలిసినదో చెప్పు భాగము లేదు. ‘అని సమాచారము’, ‘అని వినికిడి’ అని చేర్చిన పత్రిక కొంత నిజాయితీ చూపినట్లే. శీర్షికలో మాత్రము అంత చోటు దొరకదు. పాఠకుడు తరచుగ శీర్షికనే జ్ఞాపకముంచుకొనును.

గుర్తు జారిపోయిన ఊహ ఎంత దూరము పోగలదో తెలుపు ప్రసిద్ధ నిదర్శనము పాశ్చాత్య సంగీతచరిత్రలో కలదు. ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందము 1970లో విడిపోయినది. 1976లో క్లాటూ అను కెనడా బృందము సభ్యుల పేర్లు అచ్చువేయకుండ తన మొదటి ఆల్బమును విడుదల చేసినది. మరుసటి సంవత్సరము ఒక అమెరికా దినపత్రిక, వీరు బీటిల్సేమో అను భావముతో ఒక వ్యాసమును ప్రకటించినది. ఆ ప్రశ్నార్థకము చేతులు మారినకొలది చెరిగిపోయినది, ఆల్బము విరివిగా అమ్ముడుపోయినది. పాడినవారు వేరని తెలిసిన పిదప ఆ బృందమే శ్రోతల ఆగ్రహమునకు పాత్రమైనది. తాము చెప్పని మాటకు వారు బాధ్యులైరి. ఇందుకు భిన్నముగ, 1982లో ఆగిపోయిన స్వీడను బృందము ఆబా, తాము రెండు కొత్త పాటలు రికార్డు చేసితిమని 2018 ఏప్రిల్‌లో స్వయముగా ప్రకటించినది. ఆల్బము వెలువడినది 2021 నవంబరు 5న. నడిమి మూడున్నరయేండ్లు శ్రోతలు ఊహలతో గడపిరి. ఆ ఊహలకు మూలము బృందము చెప్పిన మాట గనుక, ఎంత ఆలస్యమైనను ఎవరును మోసపోయినట్లు భావింపలేదు.

హిందీ శ్రోతల స్మృతిలోను ఇట్టి కథ కలదు. 1960లలో రాయల్టీ విషయమున భేదించి లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ కొన్నియేండ్లు కలిసి పాడలేదు. పిదప రాజీపడి అనేక యుగళగీతములు పాడిరి. ఇందులోను వివాదమునకు మూలము రాయల్టీయే, శ్రోతల కోరికయు ఒక్కటే.

ఇక మన ఉదాహరణము చివరి భాగము. గుఢియారీ శ్రోత వాంఛ కొంత ఫలించినది. ‘తమిళరసన్’ అను తమిళ చిత్రమునకై బాలసుబ్రహ్మణ్యము ఇళయరాజా సంగీతమున పాడిరి. ‘పాడిస్తారేమో’ అన్నది ‘పాడారట’ అయి, పిమ్మట ‘పాడారు’ అయినది. ఇంకను వచ్చునని శ్రోతలు ఎదురుచూచుచుండగనే, 2020 ఆగస్టులో బాలసుబ్రహ్మణ్యము కోవిడ్ వ్యాధితో చెన్నైలో ఆసుపత్రిలో చేరిరి. త్వరగా లేచి రమ్మని పేరు పెట్టి పిలుచుచు ఇళయరాజా ఒక వీడియో సందేశమును వెలువరించిరి. సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యము మరణించిరి. ఆ చిత్రము విడుదలయైనది 2023లో.

ఆ ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఈ చిన్న పదముల విలువ మరియొక విధముగ తెలిసివచ్చినది. ‘కోలుకుంటున్నారట’ అను మాటకును ‘కోలుకుంటున్నారు’ అను మాటకును గల భేదము పాట విషయమున సరదాయే గాని, ప్రాణము విషయమున అది సరదా కాదు. ‘అట’ను నిలుపుకొన్నవారు ఎదుటివారి ఆశను తమ తెలివికి మించి పెంచలేదు. దానిని విడిచినవారు, సదుద్దేశముతోనైనను, తమకు లేని జ్ఞానమును ఇతరులకు పంచిపెట్టినవారైరి.

కావున ఇట్టి జనవార్తలను సేకరించువారికి రెండు సూచనలు. ఒకటి, వార్తాసారమును మాత్రమే వ్రాసికొనక, వాక్యాంతముతో సహా యథాతథముగా వ్రాసికొనవలయును. ‘కొత్త పాట వచ్చునని జనులు అనుకొనిరి’ అని సంక్షేపించినచో ఆశించినవాడును, ఊహించినవాడును, విన్నవాడును ఒక్కడే యగును. రెండు, స్వరమును గుర్తింపవలయును. ‘పాడతారట’ అనునది ఒక స్వరమున వార్త, మరియొక స్వరమున వెక్కిరింత. లిపి ఆ భేదమును చూపదు.

కడపట ఒక పదము. తెలుగులో ‘పుకారు’ అనగా ఆధారము లేని వదంతి. ఈ మాట మనకు హిందీనుండి వచ్చినది. గుఢియారీలో ‘పుకార్’ అనగా పిలుపు. వదంతికి అక్కడివారు ‘అఫ్‌వాహ్’ అందురు. అర్థము ఎట్లు మారినదో నిఘంటుకారులు విచారింతురు గాక. కొత్త పాటను గురించి శ్రోతలు ఆడుకొను మాటలను మాత్రము తెలుగు అర్థముతోనే తూచి త్రోసివేయుట న్యాయము కాదు. వానిలో చాల భాగము హిందీ అర్థముననే పుకారులు: రమ్మని, పాడుమని పిలుచు పిలుపులు. ఏది పిలుపో ఏది వార్తయో తెలియజెప్పు పని వాక్యము చివరనున్న ఆ రెండక్షరములది.